పరుగుకు ముందు ఆ పొడి ఎందుకు?

తెల్లారుజామున ధర్మవరం మైదానానికి పోతే కానిస్టేబుల్ ఉద్యోగం కోసం 1600 మీటర్ల పరుగు సాధన చేసే ఆడపిల్లలు కనిపిస్తారు. రామగిరి వైపు పల్లెల నుంచి వచ్చేవాళ్లూ ఉంటారు. ఆ మధ్య ఒకమ్మాయి నీళ్ల సీసాలో ఎర్రటి పొడి వేసి గిలకొడుతూ అడిగింది: "అక్కా, ఇది తాగితే బలమొస్తాదంట. నిజమేనా?" డబ్బా తిప్పి చూశాను. ఒక చెంచాకు 200 మిల్లీగ్రాముల కెఫీన్ అని రాసుంది. రెండు కప్పుల చిక్కటి కాఫీ అన్నమాట.

కొంచెం నిజమే. ఒళ్లు అలిసేకొద్దీ మెదడులో ఎడినోసిన్ అనే పదార్థం పేరుకుని "ఇక చాలు" అంటుంది. అది కూర్చోవాల్సిన చోట కెఫీన్ ముందే పోయి కూర్చుంటుంది. అలసట ఎక్కడికీ పోదు, మనకు తెలియడమే ఆలస్యమవుతుంది.

లాభం ఎంత? కెఫీన్ పరిశోధనలు ఎక్కువగా మగవాళ్ల మీదే జరిగాయి. 2010లో అమెరికాలో బరువులెత్తే అలవాటున్న 15 మంది మహిళలకు, ఒంటి బరువు కిలోకు 6 మిల్లీగ్రాముల చొప్పున కెఫీన్ ఇచ్చి చూశారు. ఉత్తుత్తి మందు తాగిన రోజు బెంచ్ ప్రెస్‌లో సగటున 52.1 కిలోలు ఎత్తారు, కెఫీన్ తాగిన రోజు 52.9. పెరిగింది 800 గ్రాములు. తక్కువ బరువును అలిసేదాకా ఎన్నిసార్లు ఎత్తగలరో చూస్తే తేడా రాలేదు.

800 గ్రాములను తీసిపారేయలేం. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మన శ్రీకాకుళం బిడ్డ కరణం మల్లీశ్వరి మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. స్వర్ణం 242.5 కిలోలకు పోయింది. ఆ స్థాయిలో గ్రాముకూ విలువుంది. అప్పట్లో కెఫీన్‌కు పరిమితి ఉండేది, 2004లో ఎత్తేశారు. ఇతర ఉత్తేజకాల్లో చాలావాటి మీద మాత్రం నిషేధం అలాగే ఉంది. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 100 మీటర్లు గెలిచిన నైజీరియా అమ్మాయి ఒసయెమి ఒలుదామోలా పతకం మిథైల్‌హెక్సేనమిన్ అనే ఉత్తేజకం వల్లే పోయింది. ఇలాంటి పొడి డబ్బాల్లోనూ అది దొరికేది.

ఆడవాళ్లకు ఇంకో సంగతుంది. గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్ల ఒంట్లో కెఫీన్ దాదాపు రెట్టింపు సేపు ఉండిపోతుంది. సాయంత్రం తాగితే రాత్రి నిద్ర పట్టడం కష్టమే.

నాకు అసలు బాధ వేరే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 59 మందికి రక్తహీనత. కండకు ఆక్సిజన్ మోసుకుపోయేది హిమోగ్లోబిన్. అదే తక్కువైతే రెండో రౌండుకే ఆయాసం. దాని తయారీకి కావాల్సిన ఇనుము ఇచ్చి చూసిన పరిశోధనలను కలిపి లెక్కగట్టినప్పుడు ఆడవాళ్ల వ్యాయామ సామర్థ్యం పెరిగిందని తేలింది. మైదానంలోని ఆ పిల్లల్లో చాలామందికి లోటు ఇక్కడే ఉండొచ్చు. పైగా అన్నం తిన్న వెంటనే టీ తాగితే తిండిలోని ఇనుము కూడా ఒంటికి సరిగా పట్టదు.

ఆ అమ్మాయికి చెప్పిందే మీకూ చెబుతున్నాను. డబ్బా కొనేముందు దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రిలో రక్తపరీక్ష చేయించుకోండి. హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తక్కువుంటే డాక్టరు ఇచ్చిన ఐరన్ మాత్రలు వదలకుండా మింగండి. మాత్రకూ టీకీ మధ్య కనీసం గంట ఎడం ఉండనివ్వండి.