నల్లమందు జాతి నొప్పి మందుల విరమణ లక్షణాలు

నల్లమందు జాతి నొప్పి మందులను (ఓపియాయిడ్లు) కొన్ని వారాలకు పైగా వాడినవారికి, వాటిని మానినప్పుడు గాని మోతాదు తగ్గించినప్పుడు గాని కలిగే శారీరక, మానసిక బాధలను విరమణ లక్షణాలు అంటారు. ఈ జాతి మందులలో మార్ఫిన్, కోడీన్ నల్లమందులో సహజంగానే ఉంటాయి. ట్రామడాల్, ఫెంటానిల్ పూర్తిగా కృత్రిమమైనవి. వైద్యుని పర్యవేక్షణలో మోతాదును అంచెలంచెలుగా తగ్గించినచో ఈ బాధలు చాలామందిలో భరించగలిగే స్థాయిలోనే ఉంటాయి.

కారణం

మెదడు కాండంలోని లోకస్ సెరూలియస్ అనే చిన్న భాగం నారడ్రినలిన్ అనే రసాయనాన్ని విడుదల చేసి శరీరాన్ని మెలకువగా ఉంచుతుంది. ఈ మందులు ఆ భాగపు పనిని అణచివేస్తాయి. మందు రోజూ అందుతున్నప్పుడు అక్కడి కణాలు దానికి ఎదురుగా తమ చురుకుదనాన్ని పెంచుకొంటాయి. మందు హఠాత్తుగా ఆగితే, ఆ పెరిగిన చురుకుదనానికి అడ్డు లేకుండా పోతుంది. అందుచేతనే విరమణ లక్షణాలు మందు ప్రభావానికి సరిగ్గా వ్యతిరేకంగా ఉంటాయి. మందు మలబద్ధకం కలిగిస్తే విరమణ విరేచనాలు కలిగిస్తుంది. మందు నిద్ర తెస్తే విరమణ నిద్రను దూరం చేస్తుంది.

శరీరం ఇలా మందుకు అలవాటు పడడం వ్యసనం కాదు. హాని జరుగుతున్నదని తెలిసినా మందు కోసం తహతహలాడుతూ, అదుపు లేకుండా వాడడమే వ్యసనం. వైద్యుడు చెప్పినట్లే మందు వాడిన రోగికి కూడా విరమణ లక్షణాలు రావచ్చును. కనుక అది అతని నడతకు మచ్చ కాదు.

లక్షణాలు

ఆవలింతలు, కళ్ళ నుండి, ముక్కు నుండి నీరు కారడం, చెమట, గగుర్పాటు, కంటిపాపలు పెద్దవి కావడం, కండరాల నొప్పులు, కడుపులో మెలిపెట్టడం, వాంతులు, విరేచనాలు, ఆందోళన, నిద్రలేమి ముఖ్యమైనవి. మార్ఫిన్ వంటి స్వల్పకాలిక మందును ఒక్కసారిగా ఆపితే ఇవి సుమారు 8 నుండి 24 గంటలలో మొదలై, రెండు మూడు రోజులకు తీవ్రమై, వారం పది రోజులలో తగ్గుతాయి. మెథడోన్ వంటి దీర్ఘకాలిక మందు విషయంలో ఆలస్యంగా మొదలై ఎక్కువ కాలం ఉంటాయి. నిద్రలేమి, నిరుత్సాహం కొందరిలో మరికొన్ని వారాలు కొనసాగవచ్చును. పాత నొప్పి కూడా కొంతకాలం ఎక్కువైనట్లు తోచవచ్చును.

మోతాదు తగ్గించే విధానం

ఏడాది లేక అంతకు మించి మందు వాడినవారికి నెలకు 10 శాతం, లేదా ఇంకా నెమ్మదిగా తగ్గించడం మంచిది. ఉదాహరణకు రోజుకు 60 మిల్లీగ్రాముల మార్ఫిన్ వాడే వ్యక్తికి మొదటి నెల 54, రెండవ నెల సుమారు 49 మిల్లీగ్రాములు అవుతుంది. దొరికే మాత్రల పరిమాణాన్ని బట్టి వైద్యుడు ఈ అంకెలను సర్దుతాడు. బాధ ఎక్కువైతే అదే మోతాదు వద్ద కొన్ని వారాలు ఆగవచ్చును. అలా ఆగడం ఓటమి కాదు, చికిత్సలో భాగమే.

ఉపశమనం

*విరేచనాలు, చెమట వలన పోయిన నీటికి బదులుగా ఓఆర్ఎస్, గంజి, పలుచని మజ్జిగ తీసుకోవాలి.
*కండరాల నొప్పులకు వేడినీటి స్నానం, తేలికపాటి నడక ఉపకరిస్తాయి.
*మధ్యాహ్నం దాటాక కాఫీ, టీ మానితే నిద్రకు మేలు.
*క్లోనిడిన్ అనే రక్తపోటు మందు చెమటను, ఆందోళనను తగ్గిస్తుంది. రక్తపోటు మరీ పడిపోయే అవకాశం ఉన్నందున దీనిని వైద్యుని సలహా లేకుండా వాడరాదు.
*విరేచనాలకు వాడే లోపెరమైడ్‌ను అధిక మోతాదులో వాడితే గుండె లయ దెబ్బతింటుంది.

ప్రమాదాలు

మోతాదు తగ్గిన కొద్దీ మందును తట్టుకునే శక్తి కూడా తగ్గుతుంది. బాధ భరించలేక ఒక్కసారిగా పాత మోతాదుకు తిరిగి వెళితే, అంతకు ముందు ఏ హానీ చేయని మోతాదే శ్వాసను ఆపి ప్రాణం తీయవచ్చును. మద్యం, నిద్రమాత్రలు తోడైతే ప్రమాదం మరింత పెరుగుతుంది. శ్వాస మందగించి, పిలిచినా పలకని స్థితిలో ఆలస్యం చేయక 108కి ఫోను చేయాలి. గర్భిణులు ఈ మందులను తమంతట తాము ఆపరాదు.

అమెరికా అనుభవం

2016లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ (సీడీసీ) ఈ మందుల వాడకంపై జాగ్రత్తలు సూచించింది. కొందరు వైద్యులు, బీమా సంస్థలు వాటిని కఠిన నియమాలుగా భావించడంతో ఎందరో రోగుల మందులు హఠాత్తుగా తగ్గిపోయాయి. అలా ఆపిన రోగులలో తీవ్రమైన బాధ, మానసిక వేదన, ఆత్మహత్యలు కూడా కనిపించాయని అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ (ఎఫ్‌డీఏ) 2019 ఏప్రిల్‌లో హెచ్చరించింది. 2022లో సవరించిన సూచనలు, ప్రాణాపాయ సూచనలు ఉంటే తప్ప, హఠాత్తుగా ఆపరాదని స్పష్టం చేశాయి.

భారతదేశంలో

ట్రామడాల్‌ను 2018 ఏప్రిల్‌లో మాదకద్రవ్యాల చట్టం (1985) పరిధిలోకి తెచ్చారు. ట్రామడాల్ మెదడులోని సెరటోనిన్‌పై కూడా పనిచేస్తుంది. అందువలన దీనిని ఆపినప్పుడు కొందరిలో తీవ్ర భయం, అయోమయం, భ్రాంతులు, చేతులు కాళ్ళలో తిమ్మిరి వంటి వింత లక్షణాలు కనిపిస్తాయి. మందు వ్యసనంగా మారినవారికి జాతీయ సహాయ కేంద్రం 14446, మానసిక వేదనలో ఉన్నవారికి టెలీ మానస్ 14416 నంబర్ల ద్వారా ఉచితంగా సలహా లభిస్తుంది.

ఇవి కూడా చూడండి

*నల్లమందు
*మార్ఫిన్
*వ్యసనం