నెలలు నిండని శిశువు, లెక్కలు నేర్చిన యంత్రం

నెలలు నిండకముందే పుట్టిన శిశువు పేగులకు పాలను అరిగించుకొనే శక్తి వెంటనే రాదు. అందుచేత కొన్ని రోజులపాటు, ఒక్కోసారి వారాలపాటు, పోషణనంతా రక్తనాళం ద్వారానే అందిస్తారు. గ్లూకోజు, అమైనో ఆమ్లాలు, కొవ్వు, సోడియం, పొటాషియం, కాల్షియం, విటమిన్లు కలిపి ఒక సంచిలో సిద్ధం చేస్తారు. ఏది ఎంత అన్నది శిశువు బరువును, రక్తపరీక్షలను చూసి ప్రతిరోజూ కొత్తగా వ్రాయవలసి ఉంటుంది. కిలో బరువైనా లేని దేహంలో పొటాషియం కాస్త హెచ్చినా తగ్గినా గుండె లయ తప్పవచ్చు. పలువురు నిపుణులు కలిసి చేసే ఈ లెక్కలో పొరపాటుకు తావు ఎక్కువ.

అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ పనికి కృత్రిమ మేధను వినియోగించి చూశారు. వారి అధ్యయనం 2025లో 'నేచర్ మెడిసిన్' పత్రికలో వెలువడింది. పదేళ్ల కాలంలో 5,913 మంది శిశువులకు వైద్యులు వ్రాసిన 79,790 పోషణ చీటీలను, పరీక్షల ఫలితాలతో సహా యంత్రానికి నేర్పారు. చిత్రమేమంటే, అన్ని వేల చీటీలూ చివరికి 15 మిశ్రమాలలో ఇమిడిపోయాయి! ఏ శిశువుకు ఏ రోజు వాటిలో ఏది తగునో యంత్రం సూచిస్తుంది. ఏ చీటీ ఎవరిదో చెప్పకుండా పదిమంది నిపుణులకు చూపగా, వారు యంత్రం సూచనవైపే ఎక్కువగా మొగ్గారు.

"నా బిడ్డ ఆహారాన్ని యంత్రమా నిర్ణయించేది?" అని ఒక తల్లి అడిగితే అది న్యాయమైన ప్రశ్నే. యంత్రం నేర్చినది వైద్యుల చీటీల నుండే. సూచన దానిదైనా సంతకం వైద్యునిదే, కనుక అమానత్ కూడా ఆయనదే. పైగా ఈ అధ్యయనం గత రికార్డుల మీద జరిగినది. 2020లో మన దేశంలో సుమారు 30 లక్షల మంది నెలలు నిండకుండా పుట్టారు. అమెరికా శిశువుల నుండి నేర్చిన లెక్క వీరికి సరిపోతుందో లేదో ఇక్కడే పరీక్షించి చూడాలి.

సంచి ఎంత ఖచ్చితమైనదైనా తాత్కాలికమే. పేగులు బలపడుతున్నకొద్దీ గొట్టం ద్వారా కొద్దికొద్దిగా తల్లిపాలు మొదలుపెడతారు. పేగులు కుళ్లిపోయే ప్రాణాంతక వ్యాధి ముప్పును ఆ పాలు తగ్గిస్తాయి. తల్లికి పాలు చాలనప్పుడు దాతల పాలు పడతారు. హైదరాబాద్ నీలోఫర్ ఆసుపత్రిలో అటువంటి తల్లిపాల బ్యాంకు ఉంది.

ఇక్కడ మన కుటుంబాలకు మరో ప్రశ్న ఎదురవుతుంది. పాలిచ్చిన తల్లితోను, పాలతోబుట్టువులతోను వివాహం నిషిద్ధమని దివ్య ఖుర్ఆన్ (4:23) తెలుపుతున్నది. బ్యాంకులో పలువురి పాలు కలిసిపోవచ్చు. 1985లో జిద్దాలో సమావేశమైన ఇస్లామీ ఫిఖ్ అకాడమీ ఈ బ్యాంకులను అనుమతించలేదు. 2004లో యూరప్ ఫత్వా మండలి నెలలు నిండని శిశువుల అవసరాన్ని గుర్తించి సమ్మతించింది. అటువంటి అవసరం రానున్నదని తెలిసిన కుటుంబం ప్రసవానికి ముందే వైద్యునితోను, తాము విశ్వసించే ఆలింతోను మాట్లాడి ఉంచుకోవడం మేలు. పదేళ్లనాటి చీటీలోని పొటాషియం మోతాదును భద్రపరచగలిగిన కంప్యూటరు, ఏ తల్లి పాలు ఏ బిడ్డకు చేరాయో కూడా భద్రపరచగలదు. ఆ గడిని కూడా నింపమని ఆసుపత్రులను మనమే అడగాలి.