పని నేర్పండి... వాటా మాది!

లేత్ షాపు మేస్త్రికి వయసు మీద పడుతోంది. పక్కన నిలబడి పని పట్టుకునే కుర్రాడు కనిపించడు. అదే ఊళ్లో ఐటీఐ పాసై ఖాళీగా తిరిగే కుర్రాళ్లకేమో ‘అనుభవం ఉందా?’ అన్న ప్రశ్నే అడ్డంకి. ఈ ఇద్దరినీ ఒక కప్పు కిందికి చేర్చడానికే ప్రభుత్వం అప్రెంటిస్ స్టైపెండ్‌లో కొంత తానే భరిస్తోంది. ఆ కొంత చిన్న దుకాణానికి ఎంత అక్కరకొస్తుంది?

విజయవాడ జవహర్ ఆటోనగర్, హైదరాబాద్ బాలానగర్, విశాఖలో గాజువాక... పేరేదైనా దృశ్యం ఒకటే. ఒకచోట లారీ బాడీ కడుతుంటారు. ఇంకోచోట కాలిపోయిన మోటారుకి మళ్లీ వైండింగు చుడుతుంటారు. ఆ పక్కనే లేత్ మిషను మీద ఇనుము గిర్రున తిరుగుతుంటుంది. ఇలాంటి షెడ్లలో చాలావాటికి యజమానే మేస్త్రి, ఆయనే గుమాస్తా, ఆయనే సేల్స్‌మన్. చేతికింద నలుగురో అయిదుగురో ఉంటారు. వాళ్లలో ఒక్కడు మానేసినా ఒక మిషను ఆగిపోతుంది. ఒప్పుకొన్న పని ఆలస్యమైతే వాడుక పోతుంది. పెద్ద ఫ్యాక్టరీకి ఒక మనిషి పోతే లెక్కల్లో ఒక అంకె తగ్గుతుందంతే. చిన్న షెడ్డుకి మాత్రం చేయి విరిగినట్టే!

ఉస్తాద్ పోయాడు... చదువూ పోయింది!

ఒకప్పుడు ఈ బాధ లేదు. ఉస్తాద్ దగ్గరికి శాగిర్దు వచ్చేవాడు. చిమ్మడం, స్పానర్లు అందించడం, టీ తేవడం... అలా ఏళ్లు గడిచాక ఎప్పుడో చేతికి పని వచ్చేది. జీతం ఉండేది కాదు. పండక్కి బట్టలు, జేబు ఖర్చుకి నాలుగు రూపాయలు. తప్పు చేస్తే వీపు విమానం మోత! వచ్చేదేమో బడికి వెళ్లాల్సిన వయసు పిల్లలు.

ఆ పద్ధతి పోవడమే మంచిదయింది. పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదని 2016లో చట్టాన్ని మరింత కట్టుదిట్టం చేశారు. తల్లిదండ్రులూ పిల్లల్ని చదివించుకుంటున్నారు. కాకపోతే ఆ పాత పద్ధతిలో ఉన్న ఒకే ఒక్క మంచి, అంటే పెద్దవాడు పక్కన నిలబెట్టుకుని పని నేర్పడం, అది కూడా దాంతోపాటే వెళ్లిపోయింది. ఐటీఐలో కుర్రాడు డ్రాయింగ్ చదవడం నేర్చుకుంటాడు, వెర్నియర్ కాలిపర్ పట్టడం నేర్చుకుంటాడు. కానీ సాయంత్రానికి ఇవ్వాల్సిన పని ముందున్నప్పుడు, అరిగిపోయిన పాత మిషను మీద కొలత తప్పకుండా తీయడం ఎలాగో షెడ్డులోనే తెలుస్తుంది. షెడ్డులోకి రావాలంటే అనుభవం కావాలి. అనుభవం కావాలంటే షెడ్డులోకి రావాలి!

అందరూ నీళ్లు పోస్తే...

మరి యజమానులే నేర్పుకోవచ్చు కదా? ఇక్కడే ఉంది అసలు చిక్కు.

కొత్త కుర్రాడు మొదటి కొన్ని నెలలు సంపాదించి పెట్టేదేమీ ఉండదు. పైగా ఖర్చు. ఆకురాయి పట్టడం దగ్గర్నుంచి చెప్పాలి. టూలు విరుగుతుంది. కొలత వెంట్రుకవాసి తప్పితే మొత్తం ముక్క స్క్రాపు కింద పోతుంది. చెప్పడానికి మేస్త్రి ఆగితే ఆయన మిషనూ ఆగుతుంది. ఇంత చేసి తీర్చిదిద్దాక... పక్క వీధిలో ఇంకో వెయ్యి ఎక్కువిస్తామంటే ఏరు దాటాక తెప్ప తగలేసినట్టు వెళ్లిపోతే?

ఆ భయంతో ప్రతి యజమానీ ‘పక్కవాడు నేర్పాక మనం తీసుకుందాంలే’ అనుకుంటాడు. రాజుగారు ఊరివాళ్లని తలా ఓ చెంబెడు పాలు పొయ్యమంటే, అందరూ పాలే పోస్తారులే అని ఎవరికివారు నీళ్లు పోసిన కథ తెలిసిందే. తెల్లారి చూస్తే తొట్టినిండా నీళ్లే! పని నేర్పే విషయంలోనూ అంతే. నేర్పే ఖర్చు ఒకరిది, నేర్చిన పని వల్ల లాభం ఊరందరిదీ అయినప్పుడు ఆ ఖర్చులో ఊరు కూడా కొంత పెట్టుకోవడం న్యాయం. అప్రెంటిస్‌లకు ప్రభుత్వం ఇచ్చే సాయం వెనకున్న తర్కం ఇదే. అది దుకాణదారుకి వేసే దానం కాదు. తన చెంబులో పాలు పోసినందుకు ఇచ్చే వాటా.

చట్టం పాతదే... సాయం కొత్తది

మన దేశంలో అప్రెంటిస్‌ల చట్టం 1961 నాటిది. చాలాకాలం అది పెద్ద కర్మాగారాల వ్యవహారంగానే ఉండిపోయింది. 2014లో చట్టాన్ని సవరించి, సేవారంగంతో సహా కొత్తరకం పనులకీ దారి తెరిచారు. 2016 ఆగస్టు 19న కేంద్రం జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకాన్ని మొదలుపెట్టింది. దాని ప్రకారం అప్రెంటిస్‌కు ఇచ్చే స్టైపెండ్‌లో నాలుగో వంతు, నెలకి గరిష్ఠంగా 1,500 రూపాయలు, కేంద్రం భరిస్తుంది.

2019లో నిబంధనలు మార్చాక చిన్నవాళ్లకి వెసులుబాటు పెరిగింది. 30 మంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే సంస్థలు తమ సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి. నలుగురి నుంచి 29 మంది వరకూ ఉన్నచోట అది వాళ్లిష్టం. అంతకుముందు ఆరుగురు ఉంటేగానీ ఆ అవకాశం ఉండేది కాదు. నలుగురితో నడిచే వెల్డింగ్ షెడ్డుకి, బేకరీకి, బ్యూటీపార్లర్‌కి ఈ మార్పు చిన్నదేం కాదు.

మొదట్లో యజమాని స్టైపెండ్ మొత్తం చెల్లించి, తర్వాత ప్రభుత్వ వాటా కోసం క్లెయిము పెట్టుకోవాల్సి వచ్చేది. కాగితాల మీద సంతకాలు పెట్టడానికే తీరికలేని మేస్త్రికి అది తలనొప్పి వ్యవహారం. 2023 ఆగస్టు నుంచి ప్రభుత్వ వాటా నేరుగా కుర్రాడి బ్యాంకు ఖాతాలోనే పడే ఏర్పాటు చేశారు. యజమాని తన వాటా ఇస్తే చాలు.

లెక్క ఎలా ఉంటుంది?

2019 నిబంధనల్లో పెట్టిన కనీస స్టైపెండ్‌నే తీసుకుందాం. ఐటీఐ సర్టిఫికెట్ ఉన్న కుర్రాడికి నెలకి 7,000 రూపాయలు. అందులో ప్రభుత్వం 1,500 ఇస్తే యజమాని చేతినుంచి పోయేది 5,500. ఏడాదికి మిగిలేది 18,000. పదో తరగతి పాసైనవాళ్లకి కనీసం 6,000. అందులో యజమాని వాటా 4,500. అయిదు నుంచి తొమ్మిదో తరగతి వరకూ చదివినవాళ్లకి కనీసం 5,000. అందులో యజమాని 3,750 పెట్టుకోవాలి. శిక్షణ రెండో ఏడాదికి సాగితే స్టైపెండ్ పది శాతం పెరుగుతుంది.

డిప్లొమా, డిగ్రీ వాళ్లకి వేరే పథకం ఉంది. దాన్ని కేంద్ర విద్యాశాఖ నడుపుతుంది. మన రెండు తెలుగు రాష్ట్రాలకీ ఆ వ్యవహారాలు చూసేది చెన్నైలోని దక్షిణ ప్రాంత అప్రెంటిస్‌షిప్ శిక్షణ బోర్డు. ఇందులో కనీస స్టైపెండ్‌లో సగం ప్రభుత్వానిదే. డిప్లొమా వాళ్లకి 8,000లో 4,000... డిగ్రీ వాళ్లకి 9,000లో 4,500!

ధరలు పెరిగినంతగా ఈ మొత్తాలు పెరగలేదన్న మాట నిజమే. అందుకే స్టైపెండ్‌ను 36 శాతం పెంచాలని 2025 మేలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి సిఫార్సు చేసింది. కాబట్టి కుర్రాణ్ని తీసుకునే రోజున అమల్లో ఉన్న అంకెలేమిటో పోర్టల్‌లో చూసుకోవడం మంచిది. పైవన్నీ కనీస మొత్తాలే. అంతకన్నా ఎక్కువ ఇస్తామంటే వద్దనేవాళ్లెవరూ లేరు.

ఇంకో వెసులుబాటూ ఉంది. చట్టం దృష్టిలో అప్రెంటిస్ శిక్షణలో ఉన్నవాడే తప్ప ఉద్యోగి కాదు. కాబట్టి పీఎఫ్, ఈఎస్ఐ చెల్లింపులు ఉండవు. శిక్షణ అయ్యాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నియమమూ లేదు.

అసలు లాభం పదిహేను వందలు కాదు

నెలకి 1,500తో ఏ దుకాణమూ మేడలు కట్టదు. మరి లాభమెక్కడ?

మొదటిది, మనిషిని చూసుకునే గడువు. బయటినుంచి పనివాణ్ని తెచ్చుకుంటే అతని చెయ్యి ఎలాంటిదో తెలిసేసరికి పూర్తి జీతం మొదలైపోతుంది. అప్రెంటిస్‌ని ఏడాదిపాటు పక్కనే ఉంచుకుంటే ఎప్పుడొస్తున్నాడు, కొలత ఎలా పడుతున్నాడు, మిషను ఎలా తుడుస్తున్నాడు... అన్నీ కళ్లముందే తెలుస్తాయి.

రెండోది, మన పద్ధతికి అలవాటుపడిన చెయ్యి. ప్రతి షెడ్డుకీ ఒక బాణీ ఉంటుంది. ఫలానా మిషనులో ఎంత ఆట ఉందో, ఫలానా ఖాతాదారు ఎంత పట్టింపు మనిషో బయటినుంచి వచ్చినవాడికి తెలియదు. అక్కడే నేర్చినవాడికి విడిగా చెప్పక్కర్లేదు.

మూడోది, పాతషెడ్డుకి కొత్తచదువు. మేస్త్రి చేత్తో తడిమి చెప్పేదాన్ని కుర్రాడు కాగితం మీద గీసి చూపిస్తాడు. సీఎన్‌సీ ప్రోగ్రామ్ రాయడం, బిల్లు కంప్యూటర్లో కొట్టడం, ఖాతాదారు ఫోనుకి ఫొటో పంపి ‘ఇలాగేనా?’ అని అడగడం... ఇవన్నీ కుర్రాళ్లకి చిటికెలో పని. నేర్పడానికి కూర్చున్న మేస్త్రి తనకు తెలియకుండానే నాలుగు విషయాలు నేర్చుకుంటాడు.

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. మేస్త్రి చేతిలో ఉన్న విద్య ఏ పుస్తకంలోనూ లేదు. ఆయన విశ్రాంతి తీసుకునే రోజున అది కూడా ఇంటికి వెళ్లిపోతుంది. ఆయన కొడుకు వేరే ఉద్యోగంలో ఉండొచ్చు. అలాంటప్పుడు మిషన్లు అమ్ముడుపోతాయేమోగానీ, దుకాణం పేరూ వాడుకా అమ్ముడుపోవు. వాటిని నిలబెట్టాలంటే మనిషి కావాలి.

నేర్చుకున్నాక వెళ్లిపోతే? కొందరు వెళ్తారు, తప్పదు. వెళ్లినవాడు ఊళ్లోనే సొంత షెడ్డు పెట్టుకున్నా, చేతినిండా పనున్నప్పుడు కాస్త అటు పంపడానికి తెలిసిన మనిషి ఉన్నట్టే. ఉండేవాళ్లు ఎందుకుంటారంటే, నేర్పినచోట గౌరవం దొరుకుతుంది కాబట్టి. ఏడాది చివర సరైన జీతం చెప్పి ‘ఉండిపో’ అనే యజమానికి ఆ భయం సగం తగ్గుతుంది.

టీ తెచ్చే కుర్రాడు కాదు!

అయితే ఈ పథకాన్ని చవగ్గా మనుషుల్ని తెచ్చుకునే దారి అనుకుంటే మాత్రం నష్టపోయేది యజమానే. ఏడాదంతా చిమ్మించి, సరకు మోయించి పంపేస్తే మిగిలేది ఆ 18,000 మాత్రమే. ఏడాది తిరిగేసరికి మిషను దగ్గర మళ్లీ ఖాళీయే!

చట్టంలోనూ కట్టుబాట్లున్నాయి. ఇద్దరి మధ్యా ఒప్పందం రాసుకుని రిజిస్టరు చేయించాలి. అనుమతి లేకుండా ఓవర్‌టైమ్ చేయించకూడదు. పనిలో గాయమైతే నష్టపరిహారం బాధ్యత యజమానిదే. అపాయకరమైన పనుల్లో 18 ఏళ్లు నిండినవాళ్లనే తీసుకోవాలి. ఒప్పందం మధ్యలో తెగితే, తప్పు ఎవరి వైపుంటే వాళ్లు రెండోవారికి పరిహారం ఇచ్చుకోవాలి.

అమ్మానాన్నలు అడగాల్సిన ప్రశ్నలూ కొన్ని ఉన్నాయి. ఒప్పందం రిజిస్టరైందా? స్టైపెండ్ ఖాతాలో పడుతోందా? ఎవరి దగ్గర నేర్చుకుంటున్నాడు? ఈ నెల చేతికొచ్చిన కొత్తపని ఏమిటి? చివరి ప్రశ్నకి వరుసగా మూడు నెలలు జవాబు లేకపోతే అక్కడేదో తేడా ఉన్నట్టే. ‘చదువుకుని షెడ్డులో పనేంటి?’ అని మొహం చిట్లించక్కర్లేదు. శిక్షణ పూర్తిచేసి పరీక్ష నెగ్గినవాళ్లకి దేశమంతటా చెల్లే సర్టిఫికెట్ వస్తుంది. ‘అనుభవం ఉందా?’ అన్న ప్రశ్నకి అదే జవాబు.

వాళ్లూ చెయ్యి పట్టుకున్నారు

చిన్న సంస్థలకి ఇలా ఆసరా ఇవ్వడం మన దగ్గరే కాదు. దుకాణంలో పని, బడిలో పాఠం జోడుగా నడిచే శిక్షణకి జర్మనీ పెట్టింది పేరు. కరోనా దెబ్బకి అక్కడా యజమానులు వెనకాడారు. 2020లో అక్కడి ప్రభుత్వం, దెబ్బతిన్నా శిక్షణ ఆపని చిన్న, మధ్యతరహా సంస్థలకి ఒక్కో అప్రెంటిస్‌కు 2,000 యూరోలు, సంఖ్య పెంచితే 3,000 యూరోలు ఇచ్చింది. 2021లో ఆ మొత్తాల్ని రెట్టింపు చేసింది. బ్రిటన్ కూడా 2021లో కొత్తగా తీసుకున్న ఒక్కో అప్రెంటిస్‌కు 3,000 పౌండ్ల ప్రోత్సాహకం ప్రకటించింది. కష్టకాలంలో మొదట ఆగిపోయేది నేర్పడమే అనీ, ఒకసారి ఆగితే ఆ లోటు ఏళ్ల తరబడి వెంటాడుతుందనీ వాళ్లకి తెలుసు.

మొదలెట్టేదెలా?

అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో సంస్థ పేరు నమోదు చేసుకోవాలి. ఏ పనికి ఎంతమంది కావాలో అందులో చూపాలి. కుర్రాళ్లూ అదే పోర్టల్‌లో పేరిచ్చుకోవచ్చు. కంప్యూటర్ వ్యవహారం తెలియని యజమాని దగ్గర్లోని ప్రభుత్వ ఐటీఐకి వెళ్లి అడగడం తేలిక. శిక్షణ కాలం చేసే పనినిబట్టి ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా ఉంటుంది.

ఒకేసారి ఇద్దరు ముగ్గుర్ని తీసుకోవాలనేం లేదు. ఒక్కణ్ని తీసుకుని, రోజుకో గంట మేస్త్రి పక్కన నిలబెట్టి, వారానికో కొత్త పని చేతికిస్తే చాలు. ప్రభుత్వం ఇచ్చే వాటా మొదటి నెలల్లో విరిగిన టూళ్లకీ పాడైన ముక్కలకీ సరిపోతుంది. ఆ తర్వాత దుకాణానికి మిగిలేదంతా మేస్త్రి ఓపిక పెట్టి నేర్పిన పనే!