‘అన్ని మతాలూ ఒకటే’ అంటే మూడు మార్కులు!

“అమ్మా! బాప్తిస్మం చంటిపిల్లలకి ఇవ్వాలా, పెద్దయ్యాక ఎవరికి వాళ్ళు తీసుకోవాలా? రెండు వైపులా కారణాలు చెప్పు. పన్నెండు నిమిషాలే టైము!”

పప్పులో తిరగమోత వేయబోతున్న నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. లెక్కలు అడిగితే వాళ్ళ నాన్న ఉన్నారు. సైన్సయితే నేనే ఏదో తంటాలు పడతాను. బాప్తిస్మం గురించి నన్నడిగితే నేనేం చెప్పేది?

మాది ఒంగోలు. మావారి ఉద్యోగం వల్ల ఇంగ్లండులో, లండన్‌కి పడమరగా ఉన్న రెడింగ్‌లో ఉంటున్నాం. మా అమ్మాయి 2023 వేసవిలో జీసీఎస్‌ఈ రాసింది. అంటే మన పదో తరగతి లాంటిదన్నమాట. లెక్కలు, ఇంగ్లీషు, సైన్సులతో పాటు ‘రిలిజియస్ స్టడీస్’ కూడా ఒక సబ్జెక్టు. మతాల మీద పరీక్షేమిటని మీకు నవ్వు రావచ్చు. మొదట్లో నాకు నవ్వు రాలేదు, కోపం వచ్చింది.

ఉత్తరం రాసి పెట్టాను

ఇంగ్లండులో ప్రభుత్వ నిధులతో నడిచే బళ్ళలో మతవిద్య తప్పనిసరిగా చెప్పాలని 1944 నాటి చట్టం నుంచీ ఉంది. 1988లో వచ్చిన చట్టం, ఈ దేశపు సంప్రదాయాలు ప్రధానంగా క్రైస్తవమే అయినా మిగతా ముఖ్యమైన మతాలనూ కలుపుకుని పాఠాలు ఉండాలంది. జీసీఎస్‌ఈలో 2016 నుంచి ఏవైనా రెండు మతాలు లోతుగా చదవాలి. హిందూమతం, బౌద్ధం, సిక్కు, యూదు మతాలు కూడా జాబితాలో ఉన్నాయి. కానీ చాలా బళ్ళు క్రైస్తవం, ఇస్లాం తీసుకుంటాయి. మా అమ్మాయి బడీ అంతే.

“మన మతం గురించి ఒక్క ముక్క చెప్పరు గానీ, ఆ రెండూ నువ్వు బట్టీ పట్టాలా?” అని ఎగిరాను. ఇష్టం లేని తల్లిదండ్రులు పిల్లల్ని ఆ క్లాసు మాన్పించవచ్చు, కారణం కూడా చెప్పనక్కర్లేదు. ఆ సంగతి తెలుసుకుని బడికి ఉత్తరం రాసి పెట్టాను.

అమ్మాయి ఏడవలేదు, అరవలేదు. “ఇస్తే ఇవ్వమ్మా. వాళ్ళందరూ క్లాసులో ఉంటే నేనొక్కదాన్నీ లైబ్రరీలో కూర్చుంటాను. ఎందుకని అడిగితే ఏం చెప్పను? మా అమ్మకి భయం అని చెప్పనా?” అంది.

భయం! ఆ మాట గుచ్చుకుంది. ఉత్తరం తీసుకెళ్ళి వంటింటి సొరుగులో పడేశాను.

ఎర్ర సిరాతో రెండు ప్రశ్నలు

మాన్పించడం ఎలాగూ లేదు కనుక, సాయమైనా చేద్దామనుకున్నాను. ఒకసారి క్లాసు పరీక్షకి ముందు చెప్పాను. “మరీ కంగారు పడకు. చివర్లో ‘అన్ని మతాలూ ఒకటే, అందరి దేవుడూ ఒక్కడే’ అని రాసెయ్. ఎవరైనా ఒప్పుకుంటారు.” మన ఇళ్ళల్లో చిన్నప్పట్నించీ విన్న మాటే కదా!

పన్నెండు మార్కులకి మూడు వచ్చాయి. ఆ వాక్యం పక్కన టీచరు ఎర్ర సిరాతో రాసింది: ‘ఎవరు చెప్పారు? ఏ బోధన ప్రకారం?’

నాకు ఒళ్ళు మండింది. మంచి మాటకి మార్కులు తగ్గిస్తారా అనుకున్నాను. అప్పుడు అమ్మాయి ప్రశ్నపత్రం పద్ధతి చూపించింది. రెండు పేపర్లు, ఒక్కొక్కటి గంటా ముప్పావు. మొదటి పేపర్లో రెండు మతాల నమ్మకాలు, ఆచారాలు. రెండో దాంట్లో పెళ్ళి, కుటుంబం, యుద్ధం, శిక్షలు లాంటి విషయాల మీద మతాలు ఏమంటాయో అడుగుతారు. ప్రతి భాగంలోనూ ఒకటి, రెండు, నాలుగు, అయిదు, పన్నెండు మార్కుల ప్రశ్నలు వరసగా ఉంటాయి. అయిదు మార్కుల దానికి పవిత్ర గ్రంథంలోంచి ఆధారం చూపించాలి. పన్నెండు మార్కుల దానికి ఒక వాక్యం ఇస్తారు. దాన్ని ఒప్పుకునేవాళ్ళ వాదన, ఒప్పుకోనివాళ్ళ వాదన రెండూ రాసి, చివర్న ఏది బలంగా ఉందో, ఎందుకో తేల్చాలి.

“నువ్వు హిందువా, క్రిస్టియనా అని ఎవరూ అడగరమ్మా. అవతలివాళ్ళు ఎందుకలా నమ్ముతున్నారో, వాళ్ళు విన్నా ‘అవును, ఇదే మా మాట’ అనుకునేట్టు రాయాలి. అంతే” అంది.

అంతేనట! నలభై ఏళ్ళు దాటిన నాకు ఆ పని ఒక్కసారి కూడా చేసిన గుర్తు లేదు.

పీర్ల పండగ ఎవరిది?

ఇస్లాంలో సున్నీలు నమ్మే ఆరు విషయాలు, షియాలు మూలాలుగా చెప్పే అయిదు విషయాలు వేరువేరుగా నేర్చుకోవాలి. దేవుడొక్కడే అన్నది ఇద్దరికీ ఉంది. షియాల జాబితాలో దైవన్యాయం, ఇమాముల స్థానం ప్రత్యేకంగా ఉంటాయి. సున్నీల జాబితాలో దేవదూతలు, విధి కనిపిస్తాయి. అట్టముక్కల మీద ఒకవైపు ప్రశ్న, రెండోవైపు జవాబు రాసి, నేను అడుగుతుంటే తను చెప్పేది. ఖురానులో 112వ సూరాలో ఉన్నవి నాలుగే వాక్యాలనీ, దేవుడి ఏకత్వానికి దాన్నే ఆధారంగా చూపిస్తారనీ అలా నాకూ వచ్చేసింది.

నేను పనిచేసే దుకాణంలో పాకిస్తాన్ మూలాలున్న ఒకావిడ ఉంది. ఆవిడ షియా. ఒకరోజు భోజనాల వేళ ఉత్సాహంగా అన్నాను. “మా వైపు మొహర్రంని పీర్ల పండగ అంటాం. హిందువులం కూడా వెళ్ళేవాళ్ళం. డప్పులు, నిప్పుల గుండం, మలీద ముద్దలు, భలే సందడిగా ఉండేది!”

ఆవిడ నవ్వలేదు. కాసేపాగి మెల్లగా అంది: “మాకది పండగ కాదు. మా ఇంట్లో మనిషి చనిపోయిన రోజు లాంటిది.”

క్రీ.శ. 680లో కర్బలా దగ్గర ప్రవక్త మనవడు హుసేన్‌నీ, ఆయన వెంట ఉన్నవాళ్ళనీ చంపేశారని అప్పుడు చెప్పింది. వాళ్ళకి నీళ్ళు కూడా అందకుండా చేశారట. ఆ నీళ్ళ మాట దగ్గర ఆవిడ గొంతు మారింది. చిన్నప్పుడు మా తాతగారి ఊళ్ళో పీర్ల ఊరేగింపులో మాకు పానకం పోసేవాళ్ళు. దప్పికతో పోయినవాళ్ళని తలుచుకుంటూ పోస్తారని నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. రెండు గ్లాసులు తాగి ఇంటికొచ్చేదాన్ని.

హిందువులూ ముస్లిములూ కలిసి పీర్లని ఎత్తుకున్న ఆ రోజులు మంచివే. కాదనను. కానీ పక్కింటి దుఃఖం దుఃఖమని తెలియకుండా, అందులో సందడి మాత్రమే చూసుకుని, ‘మేమంతా ఒకటే’ అనుకున్నాను కదా!

నేను చెప్పిన అబద్ధం

ఇక బాప్తిస్మం ప్రశ్న. దానికి జవాబు చెప్పగలిగిన మనిషి నాకు తెలుసు. ఒంగోల్లో మా పక్క వీధిలో ఉండే నా చిన్ననాటి స్నేహితురాలు. వాళ్ళది బాప్టిస్టు కుటుంబం. ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ నదిలో 1878లో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని మా ఊళ్ళో చెప్పుకునే చరిత్ర. వాళ్ళ ముత్తాతల కాలం నుంచీ ఆ సంఘమే. బొమ్మల కొలువు పేరంటానికి మా ఇంటికి ఏటా వచ్చేది. పాటలు పాడేది, శనగలు ఒడిలో పోసుకుని వెళ్ళేది.

1989లో, మేం తొమ్మిదో తరగతిలో ఉండగా, తను బాప్తిస్మం తీసుకుంటున్నాననీ తప్పకుండా రమ్మనీ పిలిచింది. మా నాయనమ్మ “వాళ్ళ నీళ్ళలో మునిగే తంతు మనకెందుకే?” అంది. నేను ఎదురు చెప్పలేదు. మర్నాడు బడిలో, జ్వరం వచ్చిందని అబద్ధం చెప్పాను. తను “అయ్యో” అంది. తర్వాత సంక్రాంతికి పేరంటానికి రాలేదు. నేను కారణం అడగలేదు.

మధ్యలో పెళ్ళిళ్ళకీ చావులకీ కలిశాం, మాట్లాడుకున్నాం. ఆ సంగతి మాత్రం ఎప్పుడూ రాలేదు. ఇప్పుడు ఫోన్ చేసి అమ్మాయి ప్రశ్న అడిగాను.

“చంటిపిల్లలకిచ్చేవాళ్ళ కారణం వాళ్ళకుందే. పుట్టుకతో వచ్చిన పాపం పోతుందని క్యాథలిక్కులు నమ్ముతారు. బిడ్డ మొదట్నించీ సంఘంలో మనిషవుతుంది. అమ్మానాన్నా, జ్ఞాన తల్లిదండ్రులూ ఆ బిడ్డ తరఫున మాటిస్తారు. మేమేమంటామంటే, నమ్మకం అన్నది నా నోటితో నేను చెప్పాలి. మా అమ్మ చెప్తే ఎలా చెల్లుతుంది? యేసుప్రభువు కూడా పెద్దయ్యాకే యొర్దానులో యోహాను చేత తీసుకున్నాడు. నేను తీసుకున్నరోజు చెరువులో నడుంలోతు నీళ్ళలో నిలబడి అదే అనుకున్నా. ఇది ఎవరో చెప్తే చేస్తున్నది కాదు, నా అంతట నేను చేస్తున్నదని” అంది.

అమ్మాయి గబగబా రాసుకుంటోంది. నాకు గొంతు పెగల్లేదు. చివరికి అన్నాను, “ఆరోజు నాకు జ్వరం లేదే.”

“తెలుసులే. సాయంత్రం ఇంటికొస్తుంటే కుళాయి దగ్గర బిందె పెట్టుకుని వరసలో నిలబడ్డావు. చూశా” అంది.

ముప్ఫై నాలుగేళ్ళు! తను ఒక్కసారి కూడా ఎత్తిచూపలేదు. “వస్తావని వెనక్కి వెనక్కి చూశానే” అని మాత్రం అంది. నేను క్షమించమన్నాను. “ఇంతకీ పిల్లకి అర్థమైందా లేదా?” అని మాట మార్చేసింది.

అర్థమైంది. ఆ జవాబుకి పన్నెండుకి పది వచ్చాయి.

ఇప్పుడు నాకేమనిపిస్తోందంటే...

‘అన్ని మతాలూ ఒకటే’ అనడం తేలిక. అలా అనేస్తే ఎవరి గురించీ ఏమీ తెలుసుకోనక్కర్లేదు. ఒకటే అయితే నేను ఆరోజు చెరువు గట్టుకి ఎందుకు వెళ్ళలేదు? మతాలు ఒకటి కాదు. తేడాలున్నాయి, వాటికి కారణాలున్నాయి. అవి తెలుసుకుని కూడా పక్కన నిలబడటమే స్నేహం. మా అమ్మాయి పదహారేళ్ళకి నేర్చుకున్నది నేను దానితో పాటు కూర్చుని నేర్చుకున్నాను.

విదేశాల్లో మీ పిల్లలు కూడా ఇలాంటి పరీక్షకి చదువుతుంటే, నా అనుభవంతో రెండు మాటలు. పుస్తకం మూసి ‘ఎందుకు?’ అని అడగండి. ఎందుకో చెప్పగలిగితే ఆధారాలు వాటంతట అవే గుర్తుంటాయి. పన్నెండు మార్కుల జవాబు గడియారం పెట్టి రాయించండి, మార్కుకి ఒక నిమిషం లెక్కన. మీకు నచ్చని వాదనను మీరే పిల్లలకి గట్టిగా వినిపించండి, వాళ్ళని ఎదుర్కోనివ్వండి. అన్నిటికన్నా ముఖ్యం, ఆ మతాన్ని పాటించే మనిషిని ఒకరిని పలకరించండి. మనలో చాలామందికి అలాంటి మనిషి ఎప్పట్నించో పక్కనే ఉండి ఉంటారు.

ఆగస్టులో ఫలితాలొచ్చాయి. అమ్మాయికి తొమ్మిదికి ఎనిమిదో గ్రేడు వచ్చింది. మొన్న వంటింటి సొరుగు సర్దుతుంటే, నేను బడికి ఇవ్వకుండా ఆపిన ఉత్తరం దొరికింది. చింపబోయి వెనక్కి తిప్పి చూశాను. పరీక్ష హడావుడిలో కాగితం దొరక్క కాబోలు, షియాల అయిదు మూలాలూ దాని మీదే వరసగా రాసుకుంది. మళ్ళీ మడిచి సొరుగులోనే పెట్టాను.