అడిగే కుర్చీలోనూ, జవాబు చెప్పే కుర్చీలోనూ ఒకరే

దివ్యాంగుల సంక్షేమానికి కేంద్రం విడుదల చేసే నిధులు సరిగ్గా ఖర్చవుతున్నాయో లేదో కనిపెట్టి ఉండాల్సింది చీఫ్ కమిషనర్. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, 75వ సెక్షన్‌లో ఈ బాధ్యతను సూటిగానే అప్పగించింది. ఆ నిధుల్లో పెద్ద భాగాన్ని పంచేది సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖలోని దివ్యాంగుల సాధికారత విభాగం. దాన్ని నడిపేది ఒక కార్యదర్శి. ఇంతవరకు పేచీ లేదు. కానీ ఇటీవలి సంవత్సరాల్లో చాలాకాలం ఆ కార్యదర్శే 'అదనపు బాధ్యతలు' పేరుతో చీఫ్ కమిషనర్‌గానూ కొనసాగారు. డబ్బు పంచేదీ ఆయనే, లెక్క అడగాల్సిందీ ఆయనే. పోనీ, పక్కన ఇంకెవరైనా ఉన్నారా అంటే, చీఫ్ కమిషనర్‌కు తోడుగా ఇద్దరు కమిషనర్లను నియమించవచ్చని, వారిలో ఒకరు దివ్యాంగులై ఉండాలని అదే చట్టం చెబుతోంది. 2017 ఏప్రిల్‌లో చట్టం అమల్లోకి వచ్చాక ఆ రెండు కుర్చీలూ ఏళ్లపాటు ఖాళీగానే ఉన్నాయి.

రాష్ట్రాల్లోనూ ఇదే ఏర్పాటు కనిపిస్తుంటుంది. 79వ సెక్షన్ ప్రకారం ప్రతి రాష్ట్రంలో ఒక కమిషనర్ ఉండాలి. కొన్నిచోట్ల సంక్షేమ శాఖ డైరెక్టరుకో కార్యదర్శికో ఆ పని కూడా అప్పజెప్పి చేతులు దులుపుకుంటారు. మన సచివాలయ భాషలో ఎఫ్‌ఏసీ, అంటే పూర్తి అదనపు బాధ్యత. ఆచరణలో ఇది ఎలా ఉంటుందో చూద్దాం. మూడు చక్రాల బండికి దరఖాస్తు పెట్టి ఏడాదైనా అతీగతీ లేదని ఒకరు కమిషనర్‌కు అర్జీ పెట్టుకున్నారనుకోండి. సాక్షులను పిలిపించడానికి, రికార్డులు తెప్పించడానికి కమిషనర్‌కు సివిల్ కోర్టుకున్నన్ని అధికారాలున్నాయి. ఆయన శాఖ డైరెక్టరును నివేదిక అడగాలి. ఆ డైరెక్టరూ ఆయనే. తనకు తానే నోటీసు ఇచ్చుకోవడం బాగుండదు కాబట్టి జవాబు మీద కింది అధికారి సంతకం పెడతారు, కాగితం చూడ్డానికి పద్ధతిగానే ఉంటుంది. కానీ ఆ కింది అధికారి పనితీరు మీద ఏటా రిపోర్టు రాసేది ఎవరు? ఆ జవాబులో శాఖ తప్పు శాఖే ఒప్పుకుంటుందని ఆశపడడం అర్జీదారుడి అమాయకత్వమే అవుతుంది.

ఈ కమిషనర్ల చేతిలో ఉత్తర్వులిచ్చే అధికారం ఉంటే ఇంత బెంగ అక్కర్లేకపోయేది. 1995 నాటి పాత చట్టం కింద చీఫ్ కమిషనర్ ఒక బ్యాంకు ఉద్యోగి పదవీ విరమణను ఆపుతూ ఆదేశమిస్తే, అలాంటి ఆదేశాలిచ్చే అధికారం ఆయనకు లేదని 2010లో సుప్రీంకోర్టు తేల్చింది. కొత్త చట్టంలోనూ దక్కింది సిఫారసే. సిఫారసు అందుకున్న శాఖ మూడు నెలల్లో చర్య తీసుకోవాలి, లేదా ఎందుకు ఒప్పుకోలేదో కారణం చెప్పాలి. ఆపైన చీఫ్ కమిషనర్ నివేదికను, ఒప్పుకోని సిఫారసులకు కారణాలతో సహా, పార్లమెంటు ముందు పెట్టాలి. కోరలు లేని చోట చట్టం నమ్ముకున్నది ఈ బహిరంగ సంవాదాన్నే. ఒకరు అడగాలి, మరొకరు నలుగురి ముందు జవాబు చెప్పాలి. అడిగే నివేదిక, జవాబు చెప్పే మెమో ఒకే టేబుల్ మీద తయారైతే అందులో సంవాదం ఎక్కడుంటుంది?

2019లో ఈ ముడి ఇంకాస్త బిగుసుకుంది. మానవ హక్కుల పరిరక్షణ చట్టాన్ని సవరిస్తూ, దివ్యాంగుల చీఫ్ కమిషనర్‌ను పదవి రీత్యా జాతీయ మానవ హక్కుల సంఘంలో సభ్యుడిగా చేర్చారు. ఫిర్యాదుల విచారణ మినహా సంఘం చేసే మిగతా పనుల్లో ఈ సభ్యులకు పాలుంటుంది. సవరణ ఉద్దేశం మంచిదే, దివ్యాంగుల గొంతు అక్కడా వినిపించాలని. కానీ చీఫ్ కమిషనర్ కుర్చీలో శాఖ కార్యదర్శి ఉంటే, ప్రభుత్వాన్ని నిలదీయాల్సిన సంఘంలోకి పనిలో ఉన్న ప్రభుత్వ కార్యదర్శే సభ్యుడై వచ్చినట్టు. ప్రపంచ మానవ హక్కుల సంస్థల కూటమి 2023లోనూ 2024లోనూ మన సంఘం గుర్తింపును పునరుద్ధరించకుండా వాయిదా వేసిందంటే, సెక్రటరీ జనరల్‌గా ప్రభుత్వ అధికారిని కూర్చోబెట్టడం వారి అభ్యంతరాల్లో ఒకటి.

దీనికి అధికారులు చెప్పే సమాధానం కొట్టిపారేసేదేమీ కాదు. శాఖ లోతుపాతులు తెలిసినవాడే సమస్యను త్వరగా తీర్చగలడు, బయటి కమిషనర్ ఉత్తరాలు రాస్తూ కూర్చుంటే, కార్యదర్శి ఒక్క ఫోనుతో పని చేయిస్తాడు అంటారు. నిజమే, కానీ ఆ ఫోను చేయడానికి కమిషనర్ పదవి ఎందుకు? కార్యదర్శిగానే చేయొచ్చు. పైగా శాఖ ఒకటే కాదు, పక్క శాఖల సంగతీ ఉంది. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్లను మళ్లీ పరిశీలించి ఎందరో పింఛనుదారులకు నోటీసులు పంపారు. నెలకు ఆరు వేల రూపాయల పింఛను అంటే కొన్ని ఇళ్లలో అదే ఆధారం. పింఛను ఇచ్చేది గ్రామీణాభివృద్ధి యంత్రాంగం, వైకల్య శాతం తేల్చేది ప్రభుత్వ డాక్టర్లు. ఇలాంటి వివాదంలో కమిషనర్ ప్రశ్నించాల్సింది తోటి అధికారులను, ఒక్కోసారి రేపు తనకు పైఅధికారి కాగలవారిని. సర్వీసులో ఉన్న మనిషికి అది ఎంత కష్టమో సచివాలయం మెట్లెక్కినవారికి తెలియంది కాదు.

గోవాలో న్యాయ శాఖ కార్యదర్శికి రాష్ట్ర ఎన్నికల కమిషనర్ బాధ్యత కూడా అప్పగిస్తే, ప్రభుత్వోద్యోగి ఆ పదవిలో ఉండడానికి వీల్లేదని 2021 మార్చిలో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. అది రాజ్యాంగం ఇచ్చిన పదవి, ఇది చట్టం ఇచ్చిన పదవి, రెండింటినీ ఒకే గాట కట్టకూడదని వాదించవచ్చు. న్యాయపరంగా ఆ తేడాకు విలువుంది. అయితే ప్రభుత్వం నుంచి దూరంగా ఉంటే తప్ప పనికిరాని పదవులనే పోలిక మాత్రం రెండింటికీ ఉంది. అలాగని రెండు చోట్ల ఉన్నవాళ్లందరినీ తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. వైకల్యం మీద పనిచేసిన అనుభవజ్ఞులు మన దగ్గర కొద్దిమందే. వారే కేంద్ర సలహా మండలిలోనూ, రాష్ట్ర కమిటీలోనూ కనబడితే అందులో దోషం లేదు, ఆ రెండూ సలహా చెప్పే చోట్లే. సలహా మండలి సభ్యుడి సంస్థకు అదే శాఖ గ్రాంటు వస్తుంటే మాత్రం ఆ సంగతి ముందే ప్రకటించి, ఆ అంశం చర్చకు వచ్చినప్పుడు బయటికి వెళ్లాలి.

పూర్తికాలపు నియామకానికి చట్ట సవరణేమీ అక్కర్లేదు. కమిషనర్ పదవీకాలం ఎప్పుడు ముగుస్తుందో ముందే తెలుసు కాబట్టి, ఆరు నెలల ముందే ప్రకటన ఇవ్వొచ్చు. తప్పనిసరై ఇన్‌చార్జిని పెట్టాల్సి వస్తే, ఆయన సొంత శాఖ మీద వచ్చే ఫిర్యాదులను ఆయన చూడకుండా మరో కమిషనర్‌కు పంపాలి. అలా పంపడానికి ముందు కేంద్రంలో ఆ ఇద్దరు కమిషనర్ల కుర్చీలు భర్తీ అయి ఉండాలి. రాష్ట్రాల్లో ఒక్క కమిషనరే ఉంటారు కనుక అక్కడ ఎఫ్‌ఏసీ ఉత్తర్వు మీద సంతకం పెట్టేముందే సంక్షేమ శాఖ వారిని పక్కనపెట్టాలి.