డబ్బా మారిస్తే చాలు

ఇంటిల్లిపాదికీ పనికివచ్చే సంగతి ఏదైనా రాయమని పత్రికవారు అడిగారు. నేను కంప్యూటరు పండితుణ్ణి కాను. కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల కార్ఖానాలో లెక్కలు రాసి రిటైరైనవాణ్ణి. అయినా మొన్న మా ఇంట్లో జరిగినది చెబితే నలుగురికీ ఉపయోగమనిపించింది.

2012లో మా చెల్లెలి కూతురి పెళ్ళిలో, నలుగు పెట్టే వేళ మా అమ్మ పాటలు పాడింది. మా మేనల్లుడు క్యామ్‌కార్డరుతో 22 నిమిషాలు తీశాడు. అమ్మ 2016లో కాలం చేసింది. ఆ పాటలు మాలో ఎవరికీ పూర్తిగా రావు. కాగితం మీదా లేవు. మనం మాట్లాడేది తెలుగైనా రాసుకునేది తమిళమే కదా! మన ఇడైసేవల్ కి. రాజనారాయణన్ గారంతటివారే ఇంట్లో తెలుగు మాట్లాడి, నవలలు తమిళంలో రాశారు. కాబట్టి మాకు మిగిలింది ఆ వీడియో ఫైలొక్కటే.

విరుదునగర్‌లో ఉంటున్న మా చెల్లెలు దాన్ని ఫోనులో చూడాలంది. ఎంటీఎస్ అనే ఆ రకం ఫైలు తన ఫోనులో తెరుచుకోలేదు. అక్కడే ఒక స్టూడియోలో ఇచ్చి, ‘మార్చండి’ అన్నాను. రెండు రోజులకు ఇచ్చారు. ఫోనులో ఆడింది. కాని అమ్మ ముఖం కరిగిన మైనంలా ఉంది. ముక్కుపుడక మెరుపు లేదు, చెయ్యి కదిలితే చుట్టూ గళ్ళు. 2.8 జీబీ ఫైలు 300 ఎంబీ అయింది. వారిని అనవలసింది లేదు, నేను అడిగిందే చేశారు. అదృష్టవశాత్తూ అసలు మెమరీ కార్డు బీరువాలో భద్రంగా ఉంది.

సంక్రాంతికి వచ్చిన మేనల్లుడు విని నవ్వాడు. “మామా, మీరు డబ్బా మార్చమన్నారా, సరుకు మార్చమన్నారా?” అన్నాడు.

వాడు చెప్పింది ఇదీ. ఎంటీఎస్, ఎంపీ4, ఎంకేవీ అనేవి డబ్బాలు మాత్రమే. లోపలి సరుకు వేరు. 2006లో సోనీ, పానసోనిక్ కలిసి తెచ్చిన ఏవీసీహెచ్‌డీ క్యామ్‌కార్డర్లు బొమ్మను హెచ్.264 పద్ధతిలో కుదించి దాస్తాయి. మన ఫోన్లకూ ఆ పద్ధతి తెలుసు. తెలియనిది డబ్బాయే. మన ఊరి కడలమిఠాయిని (2020లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది లెండి) రేకు డబ్బాలోంచి గాజు సీసాలోకి మార్చినా మిఠాయి మిఠాయే. స్టూడియో చేసింది వేరు. మిఠాయిని కరిగించి, తక్కువ బెల్లంతో మళ్ళీ పాకం పట్టింది. ఒకసారి పోయిన వివరం మరి రాదు. అలా రెండు మూడుసార్లు మార్పిస్తే, విరుదునగర్ నూనె పరోటాను వాడిన నూనెలోనే మళ్ళీ మళ్ళీ వేయించినట్టే.

ఫ్రెంచి ప్రోగ్రామరు ఫాబ్రీస్ బెలార్ 2000లో మొదలుపెట్టిన ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో వాడు ఒక వరుస టైపు చేశాడు. అందులో అసలు మాట ‘కాపీ’. అంటే సరుకును ముట్టుకోకుండా ఎత్తి పెట్టమని. అర నిమిషం పట్టలేదు! కొత్త ఫైలు కాస్త చిన్నదైంది, నేను కంగారుపడ్డాను. పాత డబ్బాలో సరుకు చిన్న చిన్న పొట్లాలుగా ఉంటుందట, పొట్లానికొక చీటీ. తగ్గింది ఆ చీటీల బరువేనన్నాడు.

ఒక చిక్కు మాత్రం వచ్చింది. అమ్మ కనబడుతోంది, పాట వినబడదు. క్యామ్‌కార్డరు శబ్దాన్ని డాల్బీవారి ఏసీ-3 పద్ధతిలో పెట్టింది, ఆ ఫోను దాన్ని పలకదు. బొమ్మను కాపీగానే ఉంచి, శబ్దాన్ని మాత్రం ఏఏసీలోకి మార్చాడు. ఆ మేరకు తిరిగి పాకం పట్టక తప్పలేదు గాని, చెవికి తేడా తెలియలేదు.

టైపు చేయడం భయమైతే మీటలతో నడిచే లాస్‌లెస్‌కట్ ఉంది. హ్యాండ్‌బ్రేక్ మంచిదే గాని బొమ్మను ఎప్పుడూ తిరిగి కుదిస్తుంది, ఈ పనికి వద్దు. ఏది వాడినా అసలు ఫైలు చెరపకండి.

మర్నాడు పెన్‌డ్రైవుతో సాత్తూరు మీదుగా విరుదునగర్ వెళ్ళాను. మూడో పాటలో అమ్మ ఒక చరణం మరచి పక్కకు చూస్తుంది. ఎవరి వంకో స్టూడియో కాపీలో తెలియలేదు. ఇప్పుడు వెనక వరుసలో మాట అందిస్తున్న మా చెల్లెలి పెదవులు స్పష్టంగా కనిపించాయి.

“అయితే ఆ చరణం నాకు వచ్చునన్నమాట!” అంది. ఫోను ఆపి, నోటుపుస్తకం తెచ్చుకుని, తమిళ అక్షరాల్లో రాసుకోవడం మొదలుపెట్టింది.