రెండు తీగల మీద కబుర్లు

ఇలా రండర్రా, చెప్పులు అక్కడే విడిచి అరుగెక్కండి. ఈ పీట మీద పరిచిన సామాను ముందు కళ్ళతో చూడండి, చేతులు తర్వాత పెడుదురుగాని. ఆ నీలం పలక ఆర్డువినో బోర్డు. రెండు వరసల్లో అక్షరాలు చూపించేది ఎల్‌సీడీ తెర. బొటనవేలంత ఉన్న మూడో ముక్క మీద గడియారం ఐసీ, అంటే టైము లెక్కపెట్టే చిప్పు, దాని పక్కన గుండ్రటి బ్యాటరీ ఉన్నాయి. మన పెద్దాడు బడి ప్రాజెక్టుకని కట్టాడు. తెర మీద టైము పడుతుంది, అంతే.

"టైము గోడ గడియారం కూడా చూపిస్తుందిగా తాతయ్యా!" చూపిస్తుందమ్మా, కాదన్నానా? ఒకసారి వైర్లు లెక్కపెట్టు. ఎర్రదీ నల్లదీ కరెంటుకి. అవి తీసేస్తే మిగిలినవి రెండు. బోర్డు గడియారాన్ని "టైమెంత?" అని అడిగేది ఆ రెంటి మీదే, గడియారం జవాబిచ్చేది ఆ రెంటి మీదే, బోర్డు ఆ జవాబు తెరకి అందించేది కూడా ఆ రెంటి మీదే. ఇంకో అరడజను ముక్కలు తెచ్చి తగిలించినా మూడో తీగ అక్కర్లేదు. మరి అందరూ ఒక్కసారి నోరు తెరిస్తే ఏమవుతుంది? ఆ సంగతి చెబుదామనే పిలిచాను.

అసలు ఈ తీగల్లో నడిచేదేమిటో ముందు చూద్దాం. తీగ మీద వోల్టేజీ ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. ఎంత ఉంటే ఉన్నట్టు? పాత టీటీఎల్ ఐసీల లెక్కలో 0.8 వోల్టు లోపు సున్నా, 2 వోల్టులు దాటితే ఒకటి. ఆ మధ్యలోది ఎటూ కాదు, అక్కడ ఎవరూ నిలబడకూడదు. మీ నాయనమ్మ వంటింట్లో మిక్సీ వేసిందనుకోండి, నా పాత రేడియో గరగరమంటుంది. ఈ తీగల్లోకీ ఆ చికాకు వస్తుంది, 4 వోల్టులున్నది 3.6 అవుతుంది. అయితే ఏం? ఒకటి ఒకటిగానే ఉంది. డిజిటల్ అనే దానికి అంత పేరు వచ్చింది ఈ మొండితనం వల్లే.

ఉన్నదీ లేనిదీ, ఈ రెంటితో లెక్కలెలా చేస్తారంటారా? మన మెట్ల దగ్గర లైటు చూశారుగా. కింద ఒక స్విచ్చు, పైన ఒక స్విచ్చు. ఏది నొక్కినా లైటు మారుతుంది. రెండు స్విచ్చులూ ఒకే వైపు ఉంటే ఆరుతుంది, చెరో వైపు ఉంటే వెలుగుతుంది. ఇప్పుడు స్విచ్చు ఒక వైపుంటే సున్నా, రెండో వైపుంటే ఒకటి అనుకొని కూడండి. సున్నా, సున్నా కలిస్తే సున్నా: లైటు లేదు. ఒకటి, సున్నా కలిస్తే ఒకటి: లైటుంది. ఒకటి, ఒకటి కలిస్తే రెండు, అంటే ఇక్కడ సున్నా వేసి ఒకటి పక్క స్థానానికి పంపాలి: లైటు లేదు. మన ఎలక్ట్రీషియను మెట్ల దగ్గర కట్టిపోయింది కూడిక యంత్రంలో సగమన్నమాట!

స్విచ్చులకీ లెక్కలకీ ఈ చుట్టరికం ఎలా కలిసిందో వినండి. ఇంగ్లండులో చెప్పులు కుట్టే ఆయన కొడుకు జార్జ్ బూల్. తర్కాన్ని బీజగణితంలా రాయొచ్చని 1854లో పుస్తకం వేశాడు. ఎనభై ఏళ్ళు దాటాక, 1937లో, అమెరికాలో ఎంఐటీలో చదువుతున్న 21 ఏళ్ళ కుర్రాడు క్లాడ్ షానన్ తన థీసిస్‌లో చూపించాడు, టెలిఫోను ఎక్స్ఛేంజీలో టకటకలాడే రిలేలతో, అంటే కరెంటుతో కదిలే స్విచ్చులతో, బూల్ లెక్కలన్నీ చేయించవచ్చని. అదే ఏడాది బెల్ ల్యాబ్స్‌లో పనిచేసే జార్జ్ స్టిబిట్జ్ ఆఫీసు నుంచి రిలేలు ఇంటికి తెచ్చుకొని, పొగాకు డబ్బా రేకు కత్తిరించి స్విచ్చులు చేసి, టార్చి బల్బులు పెట్టి, వంటింటి బల్ల మీద కూడిక యంత్రం కట్టేశాడు. వంటింట్లో పుట్టిందని ఇంటావిడ దానికి 'మోడల్ కె' అని పేరు పెట్టింది. నేను ఈ పీట మీద టంకం వేస్తుంటే మీ నాయనమ్మ ఏం పేర్లు పెడుతుందో మీకు తెలుసు.

సరే, తీగల దగ్గరికొద్దాం. రెండు ఐసీలు ఒకే తీగకి అంటుకొని ఉన్నాయి. ఒకటి తీగని 5 వోల్టులకి ఎత్తుతోంది, అదే క్షణంలో రెండోది సున్నాకి దించుతోంది. ఏమవుతుంది? కరెంటు ఇందులోంచి అందులోకి అడ్డూ ఆపూ లేకుండా పారుతుంది. రెండూ కాలిపోయేంత వేడెక్కుతాయి. మరి మూడు ముక్కలు ఒకే తీగ మీద కాపురం చేసేదెలా?

మీరు పాత ఎర్ర బస్సు ఎక్కలేదు గానీ, అందులో కండక్టరు గంట తాడు ఉండేది. వెనక తలుపు నుంచి డ్రైవరు చెవి దాకా, తలల మీదుగా, పొడుగునా ఒకటే తాడు. ముందున్నవాడు లాగినా, వెనకున్నవాడు లాగినా గంట ఒకటే. వదిలేస్తే స్ప్రింగు తాడుని మళ్ళీ పైకి లాగేసుకునేది. తాడుని పైకి నెట్టే పని ఎవరికీ లేదు గనక ఇద్దరు ఒకేసారి లాగినా పేచీ లేదు, తాడు కిందికే వస్తుంది. ఒక గంటయితే ఆపమని, రెండు గంటలయితే పోనిమ్మని. కండక్టరు టిక్కెట్లు కొడుతూనే బస్సు నడిపించేవాడు.

ఈ తీగలు కూడా అచ్చంగా అంతే. ఏ ఐసీకీ తీగని పైకెత్తే హక్కు లేదు. లాగి సున్నా చెయ్యొచ్చు, లేదా వదిలెయ్యొచ్చు. స్ప్రింగు స్థానంలో ఇదిగో, పసుపు, ఊదా, ఎరుపు చారల రెసిస్టరు ఉంది, 4.7 కిలో ఓములు. దీన్ని పుల్-అప్ అంటారు. ఒక కాలు 5 వోల్టులకి, ఒక కాలు తీగకి. ఎవరూ లాగకపోతే తీగ పైనే ఉంటుంది. ఎవరైనా లాగారా, ఆ రెసిస్టరులోంచి పారేది మిల్లీ ఆంపియరు, కొంచెం అటూ ఇటూ. ఎవరికీ వేడి పుట్టదు. ఇంత చిన్న ఉపాయానికి నేను మొదటిసారి చదివినప్పుడు ఎంత మురిసిపోయానో! ఇప్పటికీ మురిసిపోతాను, అది వేరే సంగతి.

ఈ రెండు తీగల పద్ధతిని 1982లో నెదర్లాండ్స్‌లోని ఫిలిప్స్ వాళ్ళు తెచ్చారు, ఐ-స్క్వేర్డ్-సీ అంటారు. రంగుల టీవీ లోపల ఐసీకీ ఐసీకీ మధ్య వైర్ల జాలరి వల తగ్గించడానికి మొదలయిన పని. ఇప్పుడు మీ నాన్న ల్యాప్‌టాపుని టీవీకి తగిలించగానే తెర సైజు దానంతటదే తెలిసిపోతుంది చూశారూ, ఆ హెచ్‌డీఎమ్ఐ కేబులు లోపల ఇలాంటి రెండు తీగలున్నాయి. ల్యాప్‌టాపు వాటి మీద "నువ్వెవరు, ఎంతవాడివి?" అని అడిగి తెలుసుకుంటుంది.

రెండు తీగల్లో ఒకటి క్లాకు, ఒకటి డేటా. క్లాకు తీగ కిందా మీదా అవుతుంటుంది, మామూలు వేగంలో సెకనుకి లక్షసార్లు. అది పైకి లేచినప్పుడల్లా డేటా తీగ ఎలా ఉందో చూసి అందరూ ఒక అంకె రాసుకుంటారు. నియమం ఒకటే: క్లాకు పైన ఉండగా డేటా కదలకూడదు. మరి కదిలిందంటే? అది అంకె కాదు, కబురు. క్లాకు పైనుండగా డేటా కిందికి జారితే "మొదలుపెడుతున్నాను, వినండి" అని. పైకి లేస్తే "అయిపోయింది" అని.

"మొదలు" అనగానే బోర్డు ఏడు అంకెల నంబరు పిలుస్తుంది. మన గడియారం ఐసీ పేరు డీఎస్ 1307. దాని నంబరు పుట్టుకతోనే ఖాయం, 1101000. లెక్కేసుకోండి, 64, 32, 8 కలిపితే 104. తెర వెనక అంటించిన చిన్న పలకది మామూలుగా 0100111, అంటే 39. ఎనిమిదో అంకె "నువ్వు చెప్పు" అనో "నేను చెబుతా" అనో చెబుతుంది. ఆ తర్వాత బోర్డు డేటా తీగని వదిలేసి తొమ్మిదోసారి క్లాకు కొడుతుంది. ఆ నంబరువాడు అక్కడ ఉంటే తీగ కిందికి లాగి "ఊఁ" కొడతాడు. లేకపోతే తీగ పైనే ఉండిపోతుంది. ఇది బాగుంది కదూ! 1 నుంచి వరసగా అన్ని నంబర్లూ పిలిచి ఎవరు ఊఁ కొట్టారో రాసుకుంటే చాలు, తీగ మీద ఎవరెవరున్నారో తెలిసిపోతుంది. పెద్దాడు నిన్న ఆ ప్రోగ్రామే వేశాడు. 39, 104 అని రెండే పడ్డాయి. మీరూ చూశారు, ఎవరూ చప్పట్లు కొట్టలేదు, నేను కొట్టాను.

పిలిచేవాళ్ళు ఇద్దరయితేనో? రెండు బోర్డులు ఒక్కసారే మొదలుపెట్టాయనుకోండి. ప్రతిదీ తను పంపుతూనే తీగని కనిపెట్టి ఉంటుంది. "నేను వదిలేశానే, తీగ కిందుందేమిటి? ఎవరో లాగుతున్నారు" అనుకొని ఆ వదిలినది నోరు మూసుకొని తప్పుకుంటుంది. రెండోదానికి ఈ సంగతే తెలియదు, దాని మాట ఒక్క అంకె చెడకుండా సాగిపోతుంది. పెళ్ళిళ్ళలో మన బంధువులకి ఇది రావాలి.

గడియారం ఐసీ టైము ఎలా లెక్కపెడుతుందో కూడా చూడండి. పక్కన వెండి గొట్టంలా మెరుస్తున్నది క్వార్ట్‌జ్ స్ఫటికం. సెకనుకి 32,768 సార్లు కంపిస్తుంది. ఇదేం అంకె, గుండుగుత్తంగా ముప్పైవేలు కాకుండా? సగం చెయ్యండి: 16,384. మళ్ళీ సగం: 8,192. అలా చేస్తూ పొండి, పదిహేను సగాలకి సరిగ్గా ఒకటి మిగులుతుంది. ఐసీ లోపల ఫ్లిప్-ఫ్లాప్ అనే బుల్లి సర్క్యూట్లు వరసగా ఉంటాయి. రెండు దెబ్బలు తిని ఒక దెబ్బ పక్కవాడికి అందిస్తుంది ఒక్కొక్కటీ. అలా పదిహేను దాటి బయటికొచ్చేదే సెకను. మీ చేతి వాచీలో కూడా ఇదే స్ఫటికం, ఇదే లెక్క.

ఈ ఐసీతో పెద్దాడికి ఒక తమాషా జరిగింది, వాడు సిగ్గుపడుతున్నాడు గానీ చెబుతాను. ఐసీ పంపిన అంకెని ఉన్నదున్నట్టు తెర మీద వేశాడు. సెకన్లు 7, 8, 9 అని బుద్ధిగా నడిచి, ఒక్క గెంతులో 16కి పోయాయి! అక్కణ్ణుంచి 25 దాకా నడిచి, 32కి గెంతాయి. 59 రావలసిన చోట 89. చిన్నదేమో "గడియారానికి పిచ్చెక్కింది" అంది. దానికేం పిచ్చి లేదు. ఆ ఐసీ పదుల స్థానాన్నీ ఒకట్ల స్థానాన్నీ వేరువేరు గళ్ళలో దాస్తుంది. ఎనిమిది గళ్ళలో కుడివైపు నాలుగూ ఒకట్లకి, వాటి ఎడమవి పదులకి. పది సెకన్లంటే 0001 0000. మనం దాన్ని ఒకే పెద్ద అంకెగా చదివితే 16 అవుతుంది. ఎడమ భాగాన్ని విడదీసి పదితో గుణించి కుడి భాగం కలపాలి. అన్నిటికన్నా ఎడమ చివరి గడి సెకన్ల లెక్కలో చేరదు. అందులో ఒకటి పడితే గడియారం నడక ఆపేస్తుంది. కొత్త ఐసీ తెచ్చి "ఇది చచ్చిందండీ" అని కొట్టుకి తిప్పి తీసుకుపోయేవాళ్ళలో చాలామంది ఆ గడి చూసుకోనివాళ్ళే. కోఠీ గుజరాతీ గల్లీలో ఏ కొట్టువాణ్ణి అడిగినా చెబుతాడు.

దూరం మాత్రం ఈ తీగలకి పడదు. తాడు పొడుగైతే స్ప్రింగు లాగడానికి టైము పట్టినట్టే, తీగ పొడుగైతే దాని కెపాసిటెన్సు పెరిగి రెసిస్టరు దాన్ని తీరిగ్గా పైకి తెస్తుంది, ఈలోగా క్లాకు దాటిపోతుంది. ఒక బల్ల మీద సంసారానికి ఇది చాలు. తోటలో బోరు దగ్గరి నుంచి ఇంటికి కబురు రావాలంటే ఆర్‌ఎస్-485 అని మెలిపెట్టిన జంట తీగల పద్ధతి ఉంది, అది 1,200 మీటర్ల దాకా పోగలదు. ఆ కథ ఇంకో రోజు.

ఇప్పుడు మల్టీమీటరు పట్రండి. ఎవరూ మాట్లాడనప్పుడు రెండు తీగలూ 5 వోల్టుల దగ్గర ఉండాలి. డేటా తీగ మీద సున్నా కనబడిందా, ఎవరో తాడు పట్టుకొని వదలడం లేదన్నమాట. గడియారం సున్నా పంపుతుండగా మధ్యలో మీరు బోర్డు రీసెట్ బటను నొక్కితే ఇలాగే అవుతుంది. బోర్డుకి గతం గుర్తులేదు, గడియారమేమో తర్వాతి క్లాకు దెబ్బ కోసం తీగ పట్టుకొని కూర్చుంటుంది. ఊరికే తొమ్మిది క్లాకు దెబ్బలు కొట్టండి. ఎనిమిది అంకెల్లో ఎక్కడ ఆగినా ఆ లోపల మిగిలినవి పంపేస్తుంది, ఆపైన ఊఁ కొట్టేవాళ్ళు లేరని చూసి తీగ వదిలేస్తుంది. పెద్దాడి ప్రోగ్రాములో ఆ తొమ్మిది దెబ్బలు ఇంకా లేవు. మొదట్లోనే నాలుగు లైన్లు చేర్చాలి. కీబోర్డు దగ్గర ఎవరు కూర్చుంటారు?